సేంద్రియ ఆహారం, ప్రాసెస్డ్ ఆహారం: తేడా గుర్తించి ఎంచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

సేంద్రియ ఆహారం ఒక గట్టున, ప్రాసెస్డ్ ఆహారం ఎదుటి గట్టున ఉన్నాయని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం వల్లే సేంద్రియ ముద్ర ఉన్న తీపి బిస్కెట్లను ఆరోగ్యం కోసమని కొనేవారూ, గడ్డకట్టించిన బఠానీలను ప్రాసెస్డ్ అన్న పేరుతో పక్కన పెట్టేవారూ కనిపిస్తున్నారు. ఈ రెండు నిర్ణయాలూ తప్పే. ఏ ఆహార పదార్థాన్నైనా చేతిలోకి తీసుకున్నప్పుడు దేన్ని చూడాలి, ఏ క్రమంలో చూడాలి, దేనికి ఎంత విలువ ఇవ్వాలి అన్నది ఇక్కడ అంచెలంచెలుగా వివరిస్తున్నాను.

మొదటి అడుగు: రెండు ప్రశ్నలను విడదీయండి

ఒక ఆహారం గురించి అడగవలసినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. అది పొలంలో ఎలా పండింది, లేదా పశువుల కొట్టంలో ఎలా తయారైంది అన్నది మొదటిది. పొలం దాటిన తరువాత కంచం చేరేలోగా దానికి ఏమేమి చేశారు అన్నది రెండోది. సేంద్రియ ముద్ర మొదటి ప్రశ్నకు జవాబు చెబుతుంది. ప్రాసెసింగ్ స్థాయి రెండో ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఒక ప్రశ్నకు మంచి జవాబు వచ్చినంత మాత్రాన రెండోదానికీ మంచి జవాబే వస్తుందన్న హామీ ఏమీ లేదు.

ఆపిల్ పండునే తీసుకుందాం. అది సేంద్రియ పద్ధతిలో పండి, ఏ మార్పూ లేకుండా పండుగానే చేతికి రావచ్చు. రసాయన ఎరువులతో పండి కూడా పండుగానే రావచ్చు. సేంద్రియ తోటలోని ఆపిల్ రసాన్ని మరిగించి చిక్కటి పాకంగా మార్చి, అదే పాకాన్ని సేంద్రియ మిఠాయిలో తీపి కోసం వాడవచ్చు. ఏ తోటదో తెలియని ఆపిల్ రుచిని ప్రయోగశాలలో తయారుచేసి, పండు చుక్కైనా లేని పానీయంలో కలపవచ్చు. మొదటి రెండింటి మధ్య ఉన్న తేడా కంటే, మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఉన్న తేడాయే శరీరానికి ఎక్కువగా పట్టేది. ఈ మార్గదర్శి అంతటికీ ఆధారమైన విషయం ఇదే.

రెండో అడుగు: సేంద్రియం దేనికి హామీ, దేనికి కాదు అన్నది తెలుసుకోండి

సేంద్రియ సాగు అంటే విత్తనం నుంచి కోత వరకు పాటించవలసిన నియమాల సముదాయం. కృత్రిమ నత్రజని ఎరువులు, చాలా రకాల కృత్రిమ పురుగుమందులు, కలుపు మందులు, జన్యుమార్పిడి విత్తనాలు వాడకూడదు. భూసారాన్ని పశువుల ఎరువు, కంపోస్టు, పచ్చిరొట్ట, పంట మార్పిడి వంటి పద్ధతులతో నిలబెట్టాలి. పశువులు త్వరగా పెరగడం కోసం హార్మోన్లను గాని యాంటీబయాటిక్‌లను గాని ఇవ్వకూడదు, వాటికి బయట తిరిగే వీలు కల్పించాలి. రేడియేషన్‌తో శుద్ధి చేయడం నిషిద్ధం. సేంద్రియ ఆహార ఉత్పత్తి, లేబులింగ్‌ల మీద అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ అలిమెంటారియస్ 1999లో మార్గదర్శకాలు వెలువరించింది. వివరాల్లో తేడాలున్నా, అనేక దేశాల చట్టాల్లో కనిపించే మూల సూత్రాలు ఇవే.

సాధారణ సాగు నుంచి మారిన పొలం పంట వెంటనే సేంద్రియం అనిపించుకోదు. అమెరికాలో నిషిద్ధ పదార్థాలేవీ వాడకుండా 36 నెలలు గడవాలి. ఐరోపా సమాఖ్యలో ఏకవార్షిక పంటలకు విత్తనం వేయడానికి ముందు రెండేళ్లు, పశుగ్రాసం కాని బహువార్షిక పంటలకు మొదటి కోతకు ముందు మూడేళ్లు ఈ మార్పిడి కాలం ఉండాలి. ఆ ఏళ్లలో రైతు సేంద్రియ సాగు శ్రమంతా పడినా పంటను సేంద్రియమని చెప్పి అమ్ముకోలేడు. ఈ ఆహారం ఖరీదు ఎక్కువగా ఉండటానికి దిగుబడి తగ్గడం, కలుపు తీసే కూలి, తనిఖీల ఖర్చుతో పాటు ఇదీ ఒక కారణం.

ఇక సేంద్రియం హామీ ఇవ్వని వాటిని స్పష్టంగా చెప్పుకోవాలి. సేంద్రియ సాగులో పురుగుమందులు అసలే వాడరన్నది నిజం కాదు. గంధకం, రాగి ఆధారిత మందులు, చేమంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రిన్, సూక్ష్మజీవుల నుంచి వచ్చే స్పినోసాడ్ వంటివి పరిమితులతో అనుమతిస్తారు. సేంద్రియ ఆహారంలో పోషకాలు తప్పనిసరిగా ఎక్కువ ఉంటాయన్నది కూడా తేలని విషయమే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో రెండు వందలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, పోషకాల విషయంలో బలమైన తేడా కనిపించలేదనీ, పురుగుమందుల అవశేషాలు మాత్రం సేంద్రియ ఆహారంలో తక్కువగా ఉన్నాయనీ తేల్చారు. న్యూకాజిల్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో 2014లో వెలువడిన మరో విశ్లేషణ 343 పరిశోధనా పత్రాలను పరిశీలించి, సేంద్రియ పంటల్లో యాంటీఆక్సిడెంట్లు కొంత ఎక్కువగా, కాడ్మియం అనే విషలోహం గణనీయంగా తక్కువగా ఉన్నాయని పేర్కొంది. అవశేషాల విషయంలో రెండింటి మాటా ఒకటే కాబట్టి, సేంద్రియ ఆహారం వల్ల తినేవారికి కలిగే మేలుల్లో ఎక్కువ గట్టిగా చెప్పగలిగింది అదేనని నా అభిప్రాయం.

జబ్బులను నివారిస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ఇంకా కలగాపులగంగానే ఉంది. ఫ్రాన్స్‌లో దాదాపు 69 వేల మందిని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో సేంద్రియ ఆహారం ఎక్కువగా తినేవారిలో క్యాన్సర్ తక్కువగా కనిపించింది. బ్రిటన్‌లో 6 లక్షలకు పైగా మహిళలను సుమారు తొమ్మిదేళ్లు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో మొత్తం మీద క్యాన్సర్ తగ్గిన దాఖలా లేదు. సేంద్రియ ఆహారం కొనగలిగేవారు సాధారణంగా ఆదాయంలో, చదువులో, వ్యాయామంలో, ఇతర ఆహారపు అలవాట్లలో కూడా మిగతావారికి భిన్నంగా ఉంటారు. అందువల్ల ఫలితంలో ఏ భాగం దేని వల్ల వచ్చిందో విడదీయడం చాలా కష్టం. అయితే సేంద్రియ సాగు వల్ల కలిగే మేలు తినేవారి శరీరంతోనే ఆగిపోదు. పొలంలో పనిచేసేవారికి విషపు మందుల తాకిడి తగ్గుతుంది, నేలలో సేంద్రియ పదార్థం పెరుగుతుంది, తేనెటీగల వంటి జీవులకు ఊపిరి ఆడుతుంది. ఈ కారణాలతో సేంద్రియం కొనేవారు పూర్తిగా సరైన కారణంతోనే కొంటున్నట్లు.

మూడో అడుగు: ముద్రను చూడండి, మాటలను కాదు

ప్యాకెట్ ముందు భాగంలో ఆకుపచ్చ రంగు, పొలం బొమ్మ, సహజం, స్వచ్ఛం, పల్లె రుచి వంటి మాటలు ఉంటే అవి అమ్మకం కోసం రాసినవిగానే భావించాలి. వాటి వెనుక తనిఖీ ఉండకపోవచ్చు. చట్టబద్ధమైన సేంద్రియ ముద్ర వెనుక మాత్రం పొలం రికార్డులు, ఏటా జరిగే తనిఖీ, ధ్రువీకరించిన సంస్థ గుర్తింపు ఉంటాయి. ఐరోపా సమాఖ్యలో అది నక్షత్రాలతో గీసిన ఆకు గుర్తు, దాని దగ్గరే తనిఖీ సంస్థ సంకేత సంఖ్య. అమెరికాలో వ్యవసాయ శాఖ వృత్తాకార ముద్ర. భారతదేశంలో జైవిక్ భారత్ గుర్తు. మీరున్న దేశపు గుర్తు ఏమిటో ఒకసారి తెలుసుకుని, గుర్తుతో పాటు ధ్రువీకరణ వివరాలు ఉన్నాయో లేదో చూడండి.

అనేక పదార్థాలు కలిసిన ఆహారంలో శాతాలు కూడా ముఖ్యమే. అమెరికా నియమాల ప్రకారం ఉప్పు, నీరు మినహాయించి కనీసం 95 శాతం పదార్థాలు సేంద్రియమైతేనే ఆ ముద్ర వేయవచ్చు. 70 శాతం దాటితే సేంద్రియ పదార్థాలతో చేసినదని చెప్పుకోవచ్చు గాని ముద్ర వాడకూడదు. ఐరోపాలోనూ వ్యవసాయ మూలం గల పదార్థాల బరువులో 95 శాతం అన్నదే ప్రమాణం. ఈ నియమాలను జాగ్రత్తగా చదివితే ఒక సంగతి బయటపడుతుంది: వీటిలో ఎక్కడా చక్కెర ఇంతకు మించరాదని గాని, పీచు ఇంత ఉండాలని గాని లేదు. కృత్రిమ రంగులు, కృత్రిమ తీపి పదార్థాలు సేంద్రియ ఉత్పత్తుల్లో నిషిద్ధమే, అనుమతించే సంకలితాల (రంగు, రుచి, నిల్వ వంటివాటి కోసం కలిపే పదార్థాల) జాబితా కూడా చాలా చిన్నదే. కానీ సేంద్రియ చక్కెర కూడా చక్కెరే, గ్రాముకు 4 కిలోకేలరీలు ఇచ్చేదే.

నాలుగో అడుగు: ప్రాసెసింగ్ ఏ మెట్టు దగ్గర ఉందో నిర్ణయించండి

కడగడం, ఎండబెట్టడం, దంచడం, ఉడికించడం, పులియబెట్టడం, గడ్డకట్టించడం అన్నీ ప్రాసెసింగే. ఇవి లేకపోతే మనిషి తినే ఆహారంలో చాలా భాగం తినడానికే పనికిరాదు. పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు వేడిచేసే పాశ్చరీకరణ ఎన్నో ప్రాణాంతక సూక్ష్మజీవులను చంపుతుంది. ఉప్పులో అయోడిన్ కలపడం వల్ల గాయిటర్ అనే గొంతువాపు జబ్బు, పిల్లల్లో మెదడు ఎదుగుదల లోపం ఎన్నో దేశాల్లో తగ్గాయి. కోసిన కొద్ది గంటల్లో గడ్డకట్టించిన కూరగాయల్లో, రోజుల తరబడి ప్రయాణించి వచ్చిన తాజా కూరగాయల కంటే విటమిన్ సి ఎక్కువగా మిగలవచ్చు. టమాటాను నూనెతో ఉడికిస్తే అందులోని ఎర్ర వర్ణకమైన లైకోపీన్‌ను శరీరం మరింత బాగా గ్రహిస్తుంది. కాబట్టి ప్రాసెసింగ్ జరిగిందా అని అడగడం వృథా. ఎంత జరిగింది, ఎందుకు జరిగింది అని అడగాలి.

దీనికి పనికివచ్చే కొలబద్ద నోవా వర్గీకరణ. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మొంతేరో 2009లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. ఆయన బృందం రూపొందించిన ఈ పద్ధతి ఆహారాన్ని నాలుగు వర్గాలుగా చూస్తుంది. పండ్లు, కూరగాయలు, ధాన్యాలు, పప్పులు, గుడ్లు, పాలు వంటి ఏ మార్పూ లేని లేదా స్వల్పంగా మారిన ఆహారం మొదటి వర్గం. వంటలో వాడే నూనె, వెన్న, చక్కెర, ఉప్పు రెండోది. మొదటి వర్గానికి రెండో వర్గాన్ని కలిపి చేసిన చీజ్, ఉప్పునీటిలో నిల్వచేసిన కూరగాయలు, పిండి, నీరు, ఉప్పు, ఈస్టులతో మాత్రమే చేసిన రొట్టె వంటివి మూడోది. నాలుగోది అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం. పదార్థాలను వాటి మూల భాగాలుగా విడగొట్టి, రసాయనికంగా మార్చి, ఇంటి వంటగదిలో దొరకని సంకలితాలతో తిరిగి జోడించి ఫ్యాక్టరీలో తయారుచేసేవి ఇందులోకి వస్తాయి. శీతల పానీయాలు, ప్యాకెట్ చిరుతిళ్లు, పొడి కలిపితే తయారయ్యే సూపులు, రంగులద్దిన తీపి తృణధాన్యాల అల్పాహారాలు దీనికి ఉదాహరణలు.

ఈ నాలుగో వర్గాన్ని గురించి అంతగా ఎందుకు పట్టించుకోవాలో తెలియాలంటే ఒక ప్రయోగాన్ని తెలుసుకోవాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మంది పెద్దలను నాలుగు వారాల పాటు అక్కడే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాన్నీ, రెండు వారాలు ప్రాసెస్ చేయని ఆహారాన్నీ కావలసినంత తినమని పెట్టింది. వడ్డించిన ఆహారాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, సోడియం సమానంగా ఉండేట్లు చూసింది. 2019లో వెలువడిన ఫలితం ప్రకారం, అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం తిన్న రోజుల్లో వారు రోజుకు సుమారు 500 కిలోకేలరీలు అదనంగా తిని, రెండు వారాల్లో దాదాపు 0.9 కిలో బరువు పెరిగారు. రెండో ఆహారం తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గారు. మెత్తగా ఉండి నమలనవసరం లేని ఆహారాన్ని వేగంగా తినేస్తాం, కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు చేరేలోపే ఎక్కువ లోపలికి పోతుంది. పూర్తి కారణాల మీద ఇంకా పరిశోధన సాగుతోంది. ప్రయోగం చిన్నదే అయినా, మనిషి సంకల్పబలానికి తినే వేగంతో, ఆహారపు తీరుతో ఎంత సంబంధం ఉందో అది చూపించింది. అతిగా తినేవారిని నిగ్రహం లేదని నిందించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

నోవాకూ లోపాలు ఉన్నాయి. తీపి పానీయాన్నీ, ఒక ఎమల్సిఫయర్ (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే సంకలితం) కలిసిన ముడిగోధుమ రొట్టెనూ అది ఒకే వర్గంలో పడేస్తుంది. పరిశోధనల్లో కీడు బలంగా కనిపిస్తున్నది తీపి పానీయాల్లో, ప్రాసెస్ చేసిన మాంసంలో. ఫ్యాక్టరీ రొట్టెలు, తృణధాన్యాల విషయంలో అంత కాదు. ప్రాసెస్ చేసిన మాంసాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. అందుచేత వర్గాన్ని చూసి అక్కడే ఆగకుండా తరువాతి అడుగు వేయాలి.

ఐదో అడుగు: ప్యాకెట్ వెనుక పదార్థాల జాబితా చదవండి

ముందు భాగం కంపెనీ చెప్పాలనుకున్నది, వెనుక భాగం చట్టం చెప్పించినది. జాబితాలో పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు ఉంటాయి. కాబట్టి మొదటి మూడు పేర్లు ఆ ఆహారం అసలు స్వరూపాన్ని చెబుతాయి. చక్కెర మొదటి మూడింటిలో ఉంటే అది మిఠాయే, పేరు ఏదైనా సరే.

తయారీదారులు చక్కెరను ముక్కలుగా విడగొట్టి రాయడం కూడా జరుగుతుంది. చక్కెర, గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, ఇన్వర్ట్ సిరప్, తేనె, పండ్ల రసం గాఢద్రవం వేర్వేరుగా రాసినప్పుడు ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోతుంది, కానీ కలిపి చూస్తే మొదటి స్థానం వాటిదే కావచ్చు. ఈ పేర్లన్నిటినీ మనసులో ఒకే కుప్పగా పోసి చూడటం అలవాటు చేసుకోవాలి. మాల్టోడెక్స్‌ట్రిన్ రుచికి అంత తియ్యగా ఉండదు గాని, పిండి నుంచి తీసినదే, రక్తంలో గ్లూకోజ్‌ను వేగంగా పెంచేదే.

జాబితాలో సంకలితాలను సూచించే సంఖ్యలు చూసి బెదరనవసరం లేదు. 300 అంటే విటమిన్ సి, 330 అంటే నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లం, 322 అంటే సోయా, గుడ్డు సొన వంటివాటిలో ఉండే లెసిథిన్. 102 అంటే టార్ట్రజీన్ అనే పసుపు రంగు. దీన్నీ మరో ఐదు కృత్రిమ రంగులనూ వాడిన ఆహారాల మీద, పిల్లల చురుకుదనం మీదా ఏకాగ్రత మీదా ప్రతికూల ప్రభావం ఉండవచ్చన్న హెచ్చరికను ఐరోపా సమాఖ్య 2010 నుంచి తప్పనిసరి చేసింది. సంఖ్య కన్నా ఆ పదార్థం అక్కడ ఎందుకుందన్నది ముఖ్యం. చెడిపోకుండా కాపాడటానికి ఉన్నదాన్ని అర్థం చేసుకోవచ్చు. లేని పండును ఉన్నట్లు, లేని వెన్నను ఉన్నట్లు భ్రమింపజేయడానికి రంగు, రుచి, చిక్కదనం కలిపితే మాత్రం ఆ ఆహారాన్ని పక్కన పెట్టడమే మేలు. పాక్షికంగా హైడ్రోజన్ కలిపిన నూనె అన్న మాట కనిపిస్తే ఆలోచించనవసరం లేదు, గుండెకు హాని చేసే ట్రాన్స్ కొవ్వుకు ప్రధాన మూలం అదే, కొనకండి.

ఆరో అడుగు: అంకెలను 100 గ్రాముల లెక్కన పోల్చండి

ఒక వడ్డింపు (సర్వింగ్) ఎంతన్నది కంపెనీ ఇష్టం మీద ఆధారపడి ఉండవచ్చు కాబట్టి, 100 గ్రాములకు ఇచ్చిన అంకెలే పోలికకు పనికివస్తాయి. బ్రిటన్‌లో వాడే రంగుల గుర్తుల ప్రకారం, ఘనాహారంలో 100 గ్రాములకు మొత్తం చక్కెర 22.5 గ్రాములు దాటితే ఎక్కువ, 5 గ్రాములు లేదా అంతకు లోపైతే తక్కువ. ఉప్పు 1.5 గ్రాములు దాటితే ఎక్కువ, 0.3 గ్రాములకు మించకపోతే తక్కువ. సంతృప్త కొవ్వుకు ఆ హద్దులు 5 గ్రాములు, 1.5 గ్రాములు. లేబుల్ మీద ఉప్పు బదులు సోడియం ఉంటే దాన్ని 2.5తో గుణించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పునూ, మొత్తం శక్తిలో 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు విడి చక్కెరలనూ (ఆహారంలో కలిపిన చక్కెర, తేనె, పండ్ల రసాల్లోని చక్కెర) సూచిస్తుంది. 2,000 కిలోకేలరీలు తినేవారికి ఆ 10 శాతం సుమారు 50 గ్రాములు. సేంద్రియ ముద్ర ఉన్నా లేకపోయినా ఈ హద్దులు మారవు.

ఏడో అడుగు: డబ్బు పరిమితమైతే ఏది ముందు అన్నది తేల్చుకోండి

నా సలహా స్పష్టమైనది: ముందు రెండో ప్రశ్నను, అంటే ప్రాసెసింగ్ సంగతిని సరిచేసుకోండి, ఆ తరువాతే మొదటిదానికి, అంటే సేంద్రియానికి డబ్బు కేటాయించండి. రోజూ తాగే తీపి పానీయాన్ని మానేయడం వల్ల కలిగే లాభం, అదే పానీయం సేంద్రియ రకాన్ని కొనడం వల్ల ఎన్నటికీ కలగదు. పైగా మానేయడానికి ఖర్చు కాదు. పానీయాల తరువాత ప్రాసెస్ చేసిన మాంసం, ఆ తరువాత ప్యాకెట్ చిరుతిళ్లు, అల్పాహారాలు. ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతే అలవాటు నిలుస్తుంది.

అలా మిగిలిన డబ్బుతో సేంద్రియం కొనదలిస్తే, తొక్కతో సహా తినే పండ్లు, ఆకుకూరలు, ఇంట్లో అందరూ ప్రతిరోజూ తినే ధాన్యం వంటివాటితో మొదలుపెట్టండి. మందమైన తొక్క తీసి తినేవి తరువాత చూసుకోవచ్చు. సేంద్రియం అందుబాటులో లేదని పండ్లు, కూరగాయలు తగ్గించుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. సాధారణ సాగులో పండిన కూరగాయలు ఎక్కువగా తినేవారిలో గుండె జబ్బులు తక్కువని చెప్పే ఆధారం ఎంతో బలమైనది. అవశేషాల భయంతో పసిపిల్లల కంచంలోంచి పండును తీసేసి బిస్కెట్ పెట్టిన తల్లిదండ్రులకు ఈ మాట మరీ మరీ చెప్పాలనిపిస్తుంది.

ఎనిమిదో అడుగు: ఇంటికి తెచ్చాక

సేంద్రియమైనా కాకపోయినా పండ్లు, కూరగాయలను పారే నీటి కింద రుద్ది కడగాలి, సబ్బు వాడకూడదు. సేంద్రియ పొలాల్లో పశువుల ఎరువు వాడతారు కాబట్టి సూక్ష్మజీవుల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. పచ్చి పాలు ఎంత స్వచ్ఛమైన సేంద్రియ పాడి నుంచి వచ్చినా మరిగించకుండా తాగకూడదు.

ముడిధాన్యపు పిండిని తక్కువ మొత్తంలో కొని, చల్లని చోట మూత బిగించి ఉంచాలి. గోధుమ గింజలో 14 శాతం వరకు ఉండే పొట్టునూ, 2 నుంచి 3 శాతం ఉండే మొలక భాగాన్నీ తీసేస్తే తెల్లపిండి ఎక్కువ కాలం నిలవ ఉంటుంది. కానీ పీచు, బి విటమిన్లు, మెగ్నీషియం చాలావరకు వాటితోనే పోతాయి, మొలకలోని నూనె కూడా పోతుంది. ఆ నూనె ఉన్నందువల్లే ముడిపిండి త్వరగా కనరెక్కుతుంది. ఇక తయారీదారులు మిశ్రమాన్ని చెప్పకుండా మారుస్తుంటారు కాబట్టి, ఏళ్లుగా కొంటున్న ప్యాకెట్ల వెనుక జాబితాను కూడా కొన్ని నెలలకొకసారి మళ్లీ చదవండి.